తొట్టెల మీది తాడిపత్రి

2004వ సంవత్సరం, దీపావళి వెళ్లిన వారం. గద్వాలలో నా తాడిపత్రుల దుకాణానికి ఏడాది మొత్తంలో అంత బేరం మళ్లీ ఉండదు. పత్తి విత్తనాల రైతులు ఆరబోతకు షీట్లు కొనేది అప్పుడే. లారీల వాళ్లు పాత కవర్లకు మాసికలు వేయించుకునేది అప్పుడే. కాల్వ పనులకు, రోడ్డు పనులకు దూర రాష్ట్రాలు పోయే కూలీలు సామాన్లు సర్దుకునేదీ అప్పుడే. ఆ వారంలో నేను భోజనం నిలబడే చేసేవాణ్ణి, నిలబడే అందర్నీ కసురుకునేవాణ్ణి.

తాడిపత్రి అంటే ఏమిటని అడిగేవాళ్లు కూడా ఉంటారు. టౌను వాళ్లు టార్పాలిన్ అంటారు, కోస్తా వైపు బరకం అంటారు, మా దగ్గర తాడిపత్రి. ఆ పేరుతో ఊరొకటి ఉంది కదా, అక్కడి నుంచి తెస్తావా అని నన్ను ఆటపట్టించినవాళ్లున్నారు. దీంట్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి కాన్వాస్, అంటే మైనం పట్టించిన మందపాటి నూలు గుడ్డ. బరువెక్కువ, ధర ఎక్కువ, తడిస్తే రెండింతలు బరువవుతుంది. రెండోది ప్లాస్టిక్. సన్నని ప్లాస్టిక్ పట్టీలను బట్టలా నేసి, పైన పూత పూస్తారు. తేలిక, చవక, నీటి చుక్కను లోపలికి రానివ్వదు. దాని మందాన్ని జీఎస్ఎంలో చెబుతారు. ఒక చదరపు మీటరు షీటు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. అంచున తాడు దూర్చడానికి వేసే ఇత్తడి రింగును ఐలెట్ అంటారు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే మా వ్యాపారం సగం తెలిసినట్టే.

మిగతా సగం కట్టడంలో ఉంది. నేను పుట్టి పెరిగింది లారీ కవర్ల మధ్య. లోడు మీద షీటు వేశాక గాలి దూరే సందు ఒక్కటి కూడా ఉండకూడదు. గాలి దూరితే షీటు లేస్తుంది, షీటు లేస్తే వాన దూరుతుంది, వాన దూరితే సరుకు ముక్కిపోతుంది. మా నాన్న నాకు నేర్పిన విద్య ఇంతే. నేను కట్టిన లోడు తడిసిందని ఒక్క డ్రైవరు కూడా వెనక్కి రాలేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది. కొనేవాళ్లు నోరు తెరవకముందే వాళ్లకేం కావాలో నాకే తెలుసన్నట్టు మాట్లాడేవాణ్ణి.

అట్లాంటి రద్దీలో చెన్నమ్మ వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయేమో. అలంపూర్ వైపు పల్లె. చంకలో నాలుగు నెలల ఆడపిల్ల, పేరు సరోజ. భర్త వీరేశం, కూలీలను పనికి తీసుకుపోయే మేస్త్రీతో మాట్లాడడానికి బస్టాండు దగ్గర ఆగాడట.

"అన్నా, తొట్టెల మీదికి ఒక తాడిపత్రి కావాలె," అంది.

"తొట్టెల మీదికా? గుడిసె మీదికా?"

"గుడిసెకు మేస్త్రి ఇస్తడు. ఇది పిల్లకు. పనికాడ తొట్టెల కడ్తం గదా, దాని మీదికి."

తొట్టెల అంటే ఉయ్యాల. పనిచోట రెండు గుంజలకో, రెండు తుమ్మ చెట్లకో పాత చీర కట్టి, బిడ్డను అందులో పడుకోబెట్టి తల్లులు మట్టి మోయడానికి వెళ్తారు. బిడ్డకు పొద్దంతా అదే ఇల్లు. పైన ఇంకో చీర కప్పుతారు, అంతకుమించి ఎవరూ ఆలోచించరు. నా అనుభవంలో తొట్టెలకు తాడిపత్రి అడిగిన మొదటి మనిషి ఈమే.

"పోయినేడు మా తోడికోడలు పిల్ల వానకు తడిసి నిమ్ము జేసింది. దవాఖానల పది దినాలుండె. నాకు భయమైతుందన్నా. పిల్ల మీద ఒక్క సుక్క పడొద్దు," అంది.

ఒక్క చుక్క పడకుండా కప్పడం నా విద్య. నాకు ఉత్సాహం వచ్చేసింది. మిగతా బేరాలు పక్కన పెట్టి లేచాను.

ఆమె ముందుగా చెయ్యి వేసింది కాన్వాసు మీద. "గిది సల్లగుంది అన్నా."

"సల్లగ ఉంటే ఏం జేస్కుంటవ్? బర్వు చూడు. లారీల తీస్కపోతవా, నెత్తిన మోస్కపోతవా? వానకు నానిందంటె రెండు దినాలు ఆరదు. పిల్ల పొడిగ ఉండాలె గదా?"

ఆమె చెయ్యి తీసేసింది. నేను మంచి జీఎస్ఎం ఉన్న నీలం ప్లాస్టిక్ షీటు దించాను. తొట్టెలకు ఎంత కావాలో దానికంటే రెండు మూరలు ఎక్కువే కోశాను. మధ్యలో ఒక తాడు పోయేలా గొట్టంలా కుట్టాను. ఆ తాడు మీద షీటు రెండు వైపులా పందిరిలా వాలుతుంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ముందూ వెనకా కూడా మూసేలా రెండు తలుపు ముక్కలు కుట్టి, చుట్టూ ఐలెట్లు కొట్టాను. నాలుగు వైపులా నేల దాకా దించి కడితే లోపల చిన్న గది తయారవుతుంది.

ఆమె షీటును చేత్తో తడిమి చూసింది. "గాలి ఆడుతదా అన్నా?"

"గాలి ఆడే కాడ వాన ఆడదా?" అని నవ్వాను. దుకాణంలో ఉన్న లారీల వాళ్లూ నవ్వారు. పాపం ఆమె కూడా నవ్వింది.

తర్వాత కట్టడం నేర్పాను. గాలి ఎటునుంచి వస్తుందో అటు షీటు వీపు ఉండాలన్నాను. తొట్టెల వేలాడే తాడు వెంబడి వాన నీరు పాక్కుంటూ లోపలికి వస్తుంది కాబట్టి, గుంజకూ తొట్టెలకూ మధ్య తాడుకు ఒక గుడ్డ పీలిక కట్టమన్నాను. నీళ్లు ఆ పీలిక పట్టుకుని కిందికి కారిపోతాయి. దుకాణం ముందు స్తంభానికీ, ఆగి ఉన్న లారీకీ మధ్య ఆమె చేత రెండుసార్లు కట్టించాను. రెండోసారి నాకంటే బిగువుగా కట్టింది. బిడ్డను పైకెత్తి, "చూడు బిడ్డా, నీ ఇల్లు," అని చూపించింది. ఆ బేరం నాకు చాలా తృప్తిగా అనిపించింది. రాత్రి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మళ్లీ ఆమె వచ్చింది 2005 మే నెలలో, రోహిణి ఎండలప్పుడు. వలస వెళ్లినవాళ్లు వానలకు ముందు తిరిగి వచ్చే రోజులవి. ఒక్కతే వచ్చింది. చంకలో మడతపెట్టిన నీలం షీటు. నేను చూడగానే గుర్తుపట్టాను.

"ఏంది చెల్లె, చిరిగిందా? నా కుట్టు చిరగదే!"

"చిరగలే అన్నా. మంచిగనే ఉంది. నాకు ఇగ అక్కర లేదు. పిల్లలున్నోళ్లు ఎవరన్న లేనోళ్లొస్తె ఇయ్యి."

"సరోజేది మరి?"

"పాయె," అంది.

నేను స్టూలు జరిపితే కూర్చుంది. నీళ్లిచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని చెప్పింది.

"వాన ఒక్క సుక్క రాలే అన్నా లోపలికి. నువ్వు చెప్పినట్టే కట్టిన. చలికాలం మంచు గుడ తగలలే. ఒకనాడు అకాల వానొచ్చి మా గుడిసెలన్ని నీళ్లైనయ్ గని, పిల్ల మాత్రం పొడిగ పండె. ఏడ కుట్టిచ్చినవ్ అని మేస్త్రి గుడ అడిగిండు. శివరాత్రి పోయినంక ఎండలు ముదిరినయ్. ఎండ తగలొద్దని ఇంక గట్టిగ కట్టిన. పొద్దుగాల పాలిచ్చి పండబెట్టి పనికి పోయిన. మా అత్తనే కాపలుండె. పిల్ల సప్పుడు జేస్తలేదు, మంచిగ పండింది అనుకుందంట. బువ్వ యాళ్లకు వచ్చి తీసి చూస్తె ఒళ్లు పెనం లెక్క కాలుతుండె. పాలు పట్టిచ్చిన. రెండు గుక్కలు మింగింది. దవాఖానకు పోయేసరికే అయిపాయె."

 ఆమే మళ్లీ అంది.

"ఎండల మట్టి మోసొచ్చి గట్లనే పాలిచ్చిన గదా. జర పిండి పారబోసి ఇయ్యాలె, గంత సోయి లేకపాయె నాకు. వేడి పాలు తాగి పిల్ల సచ్చింది అంటది మా అత్త. ఊర్ల అందరు గదే అంటరు. నిజమే గావొచ్చు."

ఎండలో పనిచేసిన తల్లి పాలు వేడెక్కుతాయనీ, మొదటి ధార పిండేసి ఇవ్వాలనీ మా పల్లెల్లో గట్టి నమ్మకం. ఆమె దాన్ని నాకు అప్పచెబుతున్నట్టుగా, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా చెప్పింది. నా చూపు మాత్రం ఆమె ఒళ్లో ఉన్న షీటు మీద ఉంది. ఆ ఎండ, ఆ నీలం ప్లాస్టిక్, నాలుగు వైపులా నేను కొట్టిన ఐలెట్లు.  నోటికి వచ్చినవి మామూలు మాటలు. ఊకో చెల్లె, రాత గట్లుంది, అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని షీటు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంటి వెనక దడి గుంజలకు ఆ షీటు కట్టాను. ఆమెకు ఎట్లా నేర్పానో అట్లాగే, తలుపు ముక్కలు కూడా మూసి, చివరి ముడి వరకూ. లోపల స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదట ఏమీ అనిపించలేదు. కాసేపట్లో లోపలంతా నీలి వెలుగు, ఆవిరి. నా ఊపిరే షీటుకు తగిలి చెమ్మగా దిగుతోంది. గుండె దడదడలాడింది. చెవుల్లో హోరు. ఇంకాస్త ఉండి చూద్దామని పళ్లు బిగించాను. ఉండలేకపోయాను. ముడులు విప్పడానికి చేతులు రాక షీటును కాలితో తన్ని బయట పడ్డాను.

మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "పిచ్చి లేసిందా నీకు? మిట్టమధ్యాహ్నం అండ్ల కూసున్నవ్!"

చెప్పాను. అంతా విని ఆమె అక్కడే మట్టిలో కూలబడింది.

"పోయి ఆ తల్లికి చెప్పు," అంది.

"చెప్తె సచ్చిన పిల్ల తిరిగొస్తదా?"

"పిల్ల రాదు. తన పాలే సంపినయ్ అనుకుంటుంది గదా ఆ తల్లి."

నేను వెళ్లలేదు. దానికి నేను చెప్పుకున్న సాకులు ఒకటా రెండా. నేను డాక్టర్ను కాదు కదా, జ్వరమే వచ్చిందేమో, పురుగు ముట్టిందేమో అనుకున్నాను. మానుతున్న పుండును కెలకడం ఎందుకనుకున్నాను. తెలిసిన కాంపౌండరును ఊరికే అడిగినట్టు అడిగాను. ఎండలో అట్లా మూసేసిన చోట పెద్దవాళ్లకంటే చంటిబిడ్డల ఒళ్లు తొందరగా కాగిపోతుందని, వాళ్లు చెప్పుకోలేరని అన్నాడు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. అసలు సంగతి భయం. ఆమె బంధువులు పదిమంది వచ్చి దుకాణం ముందు నిలబడతారేమోనని, లారీల వాళ్ల ముందు నా పేరు పోతుందేమోనని భయం. ఆ పల్లెకు గద్వాల నుంచి ఒకే బస్సు, గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నర నేను రెండేళ్లకు పైగా దాటలేకపోయాను.

దుకాణంలో మాత్రం మారిపోయాను. చంటిబిడ్డ తల్లులు ఎవరొచ్చినా ప్లాస్టిక్ వద్దని చెప్పేవాణ్ణి. ఎందుకని అడిగితే కసురుకునేవాణ్ణి. నీలం షీటును నేనే కత్తిరించి సైకిల్ సీట్లకు కవర్లు కుట్టేశాను. తప్పు నాకు తెలుసు కాబట్టే మారాను. తెలియాల్సిన మనిషికి మాత్రం చెప్పలేదు.

2007లో, దసరా వెళ్లాక, చెన్నమ్మ మళ్లీ మెట్లెక్కింది. చంకలో ఇంకో బిడ్డ. మగపిల్లాడు, రెండు నెలలు దాటినట్టున్నాయి. చేతులు పుల్లల్లా ఉన్నాయి, మొహమంతా కళ్లే. ఆమె భుజానికి వేలాడే సంచిలోంచి పాల సీసా పీక కనిపిస్తోంది.

"అన్నా, బాగున్నవా? మళ్ల పనికి పోతున్నం. గప్పుడు కుట్టిచ్చినవ్ సూడు, గసొంటిదే ఇంకోటి కావాలె."

 మాట మార్చడానికి బిడ్డను చూస్తూ అడిగాను.

"సీస పాలేంది చెల్లె? నీ పాలు లేవా?"

"మేక పాలు పోస్తున్నం. నా పాలు ఇయ్యనియ్యది మా అత్త. మొదటి పిల్లను మింగినయ్, వీన్ని గుడ మింగుతయంటది. ఇంటాయన గుడ గదే అంటడు." కొంగు ముందుకు లాక్కుంది. కొంగు తడిసి ఉంది. "పాలు మస్తు వస్తయన్నా. పిండి గోడకు పోస్తున్న. వీడేమో ఏది తాగినా కక్కుతుండు."

అప్పుడు దుకాణంలో ముగ్గురు గిరాకీలున్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. రెండేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా అని నా మీద నాకే రోత పుట్టింది. వాళ్ల ముందే చెప్పేశాను.

"చెల్లె, సరోజ నీ పాలతోని పోలే. నేను కుట్టిచ్చిన తాడిపత్రి తోని పోయింది. నాలుగు దిక్కుల మూసి ఇచ్చిన. ఎండకు లోపల కాగిపోతది. నేను కూసొని చూసిన. పెద్దమనిషిని, నేనే ఉండలేకపోయిన."

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"నా పాలది గాదా?"

"గాదు."

"పాలది గాదా అన్నా?"

"పాలది గాదు తల్లీ. పాలేం జేస్తయ్ పిల్లను? నువ్వు వచ్చేటాళ్లకే పిల్ల ఒళ్లు కాలుతుండె అని నువ్వే చెప్పినవ్ గదా."

ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. చాలాసేపు బిడ్డ తల నిమిరింది.

"నీకు ఎప్పటి సంది ఎర్క?" అంది.

"నువ్వు తెచ్చిచ్చిన మర్నాటి సంది."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపును నేను తప్పించుకోలేదు. అంతమాత్రం చేయగలిగాను.

"నాతోని రా. మా అత్తకు నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్మది," అంది.

సీజనులో మధ్యాహ్నం పూట షట్టరు దించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఒక కాన్వాసు ముక్క, తాళ్లు చంకన పెట్టుకుని ఆమె వెంట బస్సెక్కాను.  దారిలో బిడ్డ రెండుసార్లు కక్కాడు.

అత్త ఈరమ్మ అరుగు మీద కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. ముఖం ముడతలు పడినా గొంతు గట్టిది. వీరేశం ఇంట్లోనే ఉన్నాడు, గడప దగ్గర నిలబడ్డాడు. నేను పేరు చెప్పుకుని, నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నా వేళ్లతో ఐలెట్లు కొట్టిన సంగతి, గాలి ఆడుతుందా అని కోడలు అడిగితే నవ్విన సంగతి కూడా దాచలేదు.

ఈరమ్మ చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

"నువ్వు అండ్ల కూసున్నవా నాయనా?"

"కూసున్న అవ్వా."

"ఎంతసేపున్నవ్?"

"ఒక సుట్ట కాలినంతసేపు గుడ ఉండలేకపోయిన."

ఆమె కాయ కింద పడేసింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతుల వెనక నుంచి మాట వచ్చింది.

"నేను పక్కకే ఉంటి గదా కొడకా. చెట్టు నీడకు కూసుంటి. సప్పుడు లేదు, మంచిగ పండింది అనుకుంటి. ఒక్కపారి చెయ్యి పెట్టి సూడకపోతి. ఒక్కపారి."

వీరేశం గోడ వైపు తిరిగాడు. రెండేళ్లుగా ఆ ముసలామె కోడలి పాల మీద ఎందుకంత పట్టుదలగా నింద వేసిందో నాకప్పుడు తెలిసింది. కాపలా ఉన్నది తనే. తప్పు పాలది కాకపోతే ఇంకెవరిదన్న ప్రశ్న ఆమెను బతకనిచ్చేది కాదు. నేను దుకాణంలో దాక్కున్నాను, ఆమె ఆ మాట వెనక దాక్కుంది. మా ఇద్దరి మధ్య నలిగింది చెన్నమ్మ, ఇప్పుడు ఈ పసివాడు.

ఈరమ్మ లేచింది. కోడలి సంచిలోంచి సీసా తీసి, పాలు వాకిట్లో పారబోసింది. "తీస్కపో లోపటికి. పట్టు పిల్లగానికి," అంది. గొంతులో ఆ గట్టిదనం లేదు. చెన్నమ్మ బిడ్డనెత్తుకుని లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. పిల్లాడికి అలవాటు లేదు కదా, చాలాసేపు పెనుగులాడి ఏడ్చాడు. తర్వాత ఏడుపు ఆగింది. లోపలి నుంచి చెన్నమ్మ ఏడుపు మొదలైంది. ఎవరమూ లోపలికి తొంగి చూడలేదు.

నేను చేతులు ఊరికే పెట్టుకోలేక వాకిట్లో రెండు గుంజలకు కాన్వాసు కట్టాను. ఈసారి పైకప్పు మాత్రమే. తొట్టెల మీద రెండు మూరల ఎత్తున, నాలుగు వైపులా తెరిచి. వాన జల్లు కొట్టే వైపు మాత్రం దించుకోవడానికి ఒక అంచు, వాన ఆగగానే మళ్లీ చుట్టి పైకి కట్టడానికి నాడాలు. వీరేశానికి చూపించాను. "తడిస్తె తడవనియ్యి, బట్ట మార్చొచ్చు. ఎండపూట మాత్రం గంటకోపారి చెయ్యి పెట్టి చూడుండ్రి," అన్నాను. అతను తల ఊపాడు. నా మొహం చూడలేదు.

బస్సుకు బయలుదేరుతుంటే చెన్నమ్మ బిడ్డను భుజాన వేసుకుని వాకిలి దాకా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, పిల్లను నువ్వు సంపినవని నేను అననే అనను. గప్పుడు నీకు తెల్వదు, నాకు తెల్వదు. మంచిగుండాలెననే కుట్టిచ్చినవ్. గని తెలిసినంక రెండేండ్లు సప్పుడు జేయలే నువ్వు. నేను దినాం నా రొమ్మును నేనే తిట్టుకున్న. గది మాత్రం మర్వ."

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట తర్వాత అడగబుద్ధి కాలేదు. బస్సెక్కి కూర్చున్నాక, ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకుండా ఆపుకున్నదంతా వచ్చేసింది. కండక్టరు టికెట్టు అడగకుండా కాసేపు ఆగి వెళ్లాడు.

ఈ వృత్తి గురించి రాయమని తెలిసినవాళ్లు అడిగినప్పుడు అందరూ 2009 వరదల సంగతి రాస్తాననుకున్నారు. అలంపూర్ మునిగిన ఆ వారంలో మా వీధిలో షీట్లు దొరక్క జనం కొట్టుకున్నారు. నేను ఆ వారాన్ని ఇంకో సంగతికి గుర్తుపెట్టుకున్నాను. గుంపులో చెన్నమ్మ కనబడింది. పక్కన పిల్లాడు, గట్టి కాళ్లతో బురదలో ఎగురుతున్నాడు. నా దుకాణంలో అప్పటికి సరుకుంది. ఆమె నన్ను చూసింది, తల ఊపింది, పక్క దుకాణం ముందు వరుసలో నిలబడింది.

తాడిపత్రి తప్పు ఒక్క మధ్యాహ్నం లోపల కూర్చుంటే నాకు తెలిసిపోయింది. ఇప్పుడు ఎవరొచ్చినా కొలత అడిగే ముందు దేని మీదికో అడుగుతాను. ఊపిరి తీసుకునేదైతే గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోవాలో చూసుకున్నాకే కత్తెర పట్టుకుంటాను. ఆ వరదల రోజు వానలో ఆమె వంతు రావడానికి చాలాసేపు పట్టింది. ఇటు రా చెల్లె, నా దగ్గర ఉంది అని పిలవాలని నోటి దాకా వచ్చింది. రెండేళ్లు నోరు మూసుకున్నవాణ్ణి, అప్పుడు మాత్రం ఏ మొహంతో పిలుస్తాను?